ఒకటి, ఆగి, మూడు

మెహదీపట్నం, పిల్లర్ నంబర్ ఇరవై ఆరు.
పొల్యూషన్ వ్యాన్ పోరడు
నా జెన్ కారు పొగగొట్టంల పైపు పెట్టి
స్క్రీన్ దిక్కు చూసి పెదవి ఇరిసిండు.
ఉండాల్సింది సున్నా పాయింట్ ఐదు.
ఉన్నది రెండు పాయింట్ ఎనిమిది.
"ఇంకో వంద ఇయ్యి మేడం,
పక్క కారుకు పెట్టి నీ నంబర్ కొడ్త."

ఇయ్యలె. నీతి అని గాదు.
సిగ్నల్ కాడ నా ఎనక స్కూటర్ మీద ఆగే పిల్ల
చున్నీతోటి ముక్కు మూసుకునుడు
మూడు దినాలసంది అద్దంల చూస్తున్న.

అప్పటికే రెండు షాపులు తిరిగిన.
డాష్‌బోర్డు మీద పసుపు లైటు చూసి
ఇద్దరిది ఒక్కటే మాట: సెన్సర్ ఖరాబ్.
ఒకటి మార్చిన. నెలకు మళ్ళ వెలిగింది.
ఇంకోటి మార్చిన. పదకొండు దినాలకు మళ్ళ.
మూడోది కొననీకి మనసొప్పలె.

మల్లేపల్లిల ఇబాదుల్లా షెడ్డు
ఇస్త్రీ బండికి, పాత టైర్ల గుట్టకు నడుమ.
ఆయన బానెట్ ముట్టలె.
సీటు కింద గోనెపట్ట పరిసి మోకాళ్ళ మీద కూసొని
జేబులకెల్లి పేపర్ పిన్ను తీసి, వంచి,
డాష్‌బోర్డు కింద ఏదో డబ్బాల గుచ్చిండు.
"గినో మేడం."
లైటు మిణికింది. ఒకటి.
ఆగింది.
మూడు.
మళ్ళ ఒకటి, ఆగి, మూడు.
పాత బండ్లు గిట్లనే మాట్లాడ్తయట.

"పదమూడు. సెన్సర్ నంబర్.
లేకిన్ నంబర్ వచ్చిందంటే
సెన్సర్ సచ్చిందని గాదు.
అది ఏదో చెప్తుందని."

నేను నీళ్ళ ఆఫీసుల కంప్లయింట్లు రాసుకునే సీటుల
పంతొమ్మిదేండ్లు చేసిన.
నల్లాల మురికి వాసనొస్తుందని
ఒకే గల్లీ పేరు ఎక్కువసార్లు రాస్తే
నన్ను పక్క సెక్షన్‌కు మార్చిండ్రు. రెండుసార్లు.
నల్లా అట్లనే ఉన్నది.
గా ముచ్చట ఆయనకు చెప్పలె.
పిన్ను దిక్కే చూస్తున్న.

ధన్‌రాజ్, పదిహేడేండ్లుంటయేమో,
పెయింట్ డబ్బాల నిప్పులు, నిప్పుల మీద ఊదు,
మూతకు పైపు, పైపుకు సైకిల్ పంపు.
పొగగొట్టంల గుడ్డ కుక్కి
పొగ లోపలికి కొట్టుడు షురూ చేసిండు.
పొగ ఇడిసే బండికే పొగ తాపుడు!
ఇస్త్రీ భూమవ్వ పెట్టె పక్కకు పెట్టి వచ్చింది.
"ఏందిరా, దిష్టి తీస్తుండ్రా?"

చానాసేపు ఏం కాలె.
పంపు కీచుమన్నది. డబ్బాల నిప్పు చిటపట.
ఇబాదుల్లా టార్చి పట్టుకొని
ఇంజన్ మీదికి వంగి ఊపిరి బిగబట్టిండు.

సెన్సర్ కంటె జానెడు ముందుగాల,
తుప్పు పట్టిన రేకు మూత కింద,
వెంట్రుకంత పగులు.
అండ్లకెల్లి దారం లెక్క, ఊదు పొగ.

"ఈడికెల్లి బయటి గాలి దూరుతుంది.
సెన్సర్‌కు గాలి తాకి, గాలెక్కువైందంటది.
కంప్యూటర్ నమ్మి పెట్రోల్ ఇంకింత పోస్తది.
ఎవ్వడు ఝూట్ చెప్పలె మేడం.
అందరు నిజమే చెప్పిండ్రు.
పొగ మాత్రం వచ్చింది."

బీడు ఇనుము, వెల్డింగ్ ఆగదట.
భోలక్‌పూర్ తుక్కుల ఇంకో జెన్‌ది దొరికింది,
పద్దెనిమిది వందలడిగితే పదమూడుకు ఇచ్చిండు.
అది బిగించినంక ఇబాదుల్లా అడిగిండు:
"మొదటి సెన్సర్ పారేసినవా?"
డిక్కీల ఉన్నది, పాత టవల్‌ల చుట్టి.
ఎందుకు దాసిన్నో నాకే తెల్వదు.
మసి తుడిసి, అటిటు తిప్పి చూసి,
దాన్నే మళ్ళ దాని జాగల పెట్టిండు.
కొత్తయి రెండు నా చేతుల పెట్టిండు.

పిల్లర్ నంబర్ ఇరవై ఆరు.
సున్నా పాయింట్ మూడు.
పోరడు స్క్రీన్ మీద తట్టిండు, నమ్మక.
పైపు గుంజి, ముక్కు దగ్గరికి తెచ్చుకొని,
"మేడం, బండిని
దర్గాకు తీస్కపోయినవా ఏంది?"